తూటా పేలిన తరువాత రాసే కాగితం
సదాశివపేట నుంచి చటాన్‌పల్లి దాకా: పోలీసు బలప్రయోగం, జవాబుదారీతనం

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలగాలి:
- పోలీసులు తుపాకీ వాడటానికి చట్టం పెట్టిన హద్దులు
- పోలీసు చేతిలో మనిషి చనిపోయినప్పుడు జరగవలసిన విచారణ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది నడిచిన తీరు
- ఈ చరిత్రలో మెదక్, సంగారెడ్డి ప్రాంతాల స్థానం

పరిచయం

కొన్నేళ్ల కిందట సంగారెడ్డిలో ఆదివారం తరగతి చెప్తున్నాను. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా వచ్చినవాళ్లు వెనక బెంచీల్లో కూర్చున్నారు. ముందు బెంచీలో ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. డిగ్రీ పూర్తయితే పదోన్నతి పరీక్షలకు పనికొస్తుందని చేరాడు. పోలీసు కాల్పుల గురించి చెప్తుంటే అతను లేచి అడిగాడు: "సార్, మీదికి రాళ్లొస్తున్నప్పుడు సెక్షన్ గుర్తు చేసుకునే టైముంటదా?"

తరగతి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది సరైన ప్రశ్న. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు ఇచ్చే జవాబే అనుకోండి. మీలో పోలీసు ఉద్యోగం చేస్తున్నవారు ఉండవచ్చు, ఆ ఉద్యోగానికి చదువుతున్నవారు ఉండవచ్చు. పోలీస్ స్టేషన్ గుమ్మం ఎక్కాలంటేనే భయపడే వలస కార్మికుల పక్క గదిలో అద్దెకుండేవారూ ఉండవచ్చు. ఈ చరిత్ర అందరికీ సంబంధించినదే.

మనకు దొరికే కథనాల్లో ఎక్కువ భాగం చనిపోయినవాడు మంచివాడా చెడ్డవాడా అన్న దగ్గరే ఆగిపోతాయి. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. తూటా పేలిన తరువాత మొదటి కాగితం ఎవరు రాశారు? అందులో నిందితుడి గడిలో ఎవరి పేరుంది? ఈ రెండు ప్రశ్నలు చేతపట్టుకొని నాలుగు ఘటనలను చూద్దాం.

1. సదాశివపేట, 1969

ముంబై రహదారి మీద సంగారెడ్డి దాటి ముందుకు వెళ్తే సదాశివపేట వస్తుంది. 1969 జనవరిలో తెలంగాణ రక్షణల అమలు కోసం మొదలైన విద్యార్థి ఉద్యమం జిల్లాలకు పాకింది. పాల్వంచ, ఖమ్మం ప్రాంతాల్లో రాజుకున్న నిప్పు రెండు వారాల్లో మెదక్ జిల్లాకు చేరింది. జనవరి 24న సదాశివపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు గాయపడ్డారు. వారిలో శంకర్ అనే యువకుడు హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో మరణించాడు. 1969 ఉద్యమంలో తొలి అమరుడిగా తెలంగాణ చరిత్ర అతని పేరు చెప్పుకొంటుంది.

పోలీసు కాల్పులు తెలంగాణకు అప్పటికే కొత్త కాదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన సమయంలో హైదరాబాదు సిటీ కాలేజీ వద్ద కాల్పులు జరిగాయి. నాటి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి చేత విచారణ జరిపించింది. అంటే, గుంపు మీద కాల్పులు జరిగితే న్యాయమూర్తి చేత విచారణ జరిపించాలన్న ఆనవాయితీ మనకు అప్పటికే ఉంది. చట్టం కోరేది అంతకంటే ఎక్కువ. గుంపును చెదరగొట్టే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 129వ సెక్షన్ నుంచి వచ్చేది. ముందు హెచ్చరిక చేయాలి, వెళ్లిపోవడానికి సమయమివ్వాలి, వెళ్లకపోతేనే బలం వాడాలి. ఆ బలం అవసరానికి మించకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ నిబంధన 148వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

1969లో మృతుల సంఖ్య 369 అని ఉద్యమ సంప్రదాయం చెప్తుంది. ప్రభుత్వం ఒప్పుకున్న సంఖ్య అంతకంటే ఎంతో తక్కువ. వారి స్మృతికి హైదరాబాదు గన్‌పార్కులో స్తూపం నిలిచింది. కాని, కాల్పులకు ఆదేశమిచ్చినది ఎవరో, ఆ ఆదేశం అవసరమో కాదో ఒక్కొక్క మరణానికీ విడివిడిగా తేల్చి చెప్పే కాగితం మనకు మిగలలేదు. అమరుల లెక్కలోనే ఇంత తేడా రావడానికి ఒక కారణం అదే. స్తూపం జ్ఞాపకాన్ని నిలుపుతుంది. జవాబుదారీతనానికి దస్త్రం కావాలి.

2. గిరాయిపల్లి, 1975

1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రెండు రోజులకే, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణం కింద న్యాయస్థానానికి వెళ్లే హక్కు నిలిచిపోయింది. సరిగ్గా నెల తిరిగేసరికి, జూలై 25న, నాటి మెదక్ జిల్లాలోని గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు మరణించారు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్ వారిలో ఒకరు. సాయుధ నక్సలైట్లతో ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు ప్రకటించారు. పత్రికల మీద సెన్సారు ఉంది. కనుక బయటికి వచ్చిన కథనం ఆ ఒక్కటే.

అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీ ఏర్పడింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, కవి కాళోజీ నారాయణరావు ఆ కమిటీలో పనిచేశారు. వారు ఊళ్లకు వెళ్లి సాక్షులను కలిశారు. ఆ నలుగురినీ ముందే పట్టుకొని, అడవికి తీసుకువెళ్లి, చెట్లకు కట్టి కాల్చారని కమిటీ తేల్చింది. ఆ నివేదిక రేపిన అలజడితో రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించక తప్పలేదు. గిరాయిపల్లి ఘటనపై సాక్ష్యాలు కొంతవరకు బహిరంగంగానే నమోదయ్యాయి. ఆ తరువాత విచారణను మూసిన తలుపుల వెనక జరపాలని నిర్ణయించడంతో పౌరహక్కుల పక్షం తప్పుకుంది. చివరకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సదాశివపేటలో కాల్పులు నడివీధిలో, జనం కళ్ల ముందు జరిగాయి. గిరాయిపల్లిలో అడవిలో జరిగాయి. మొదటిదాంట్లో వివాదం అవసరం గురించి: కాల్చవలసి వచ్చిందా, లేదా? రెండవదాంట్లో వివాదం నిజం గురించి: అసలు ఎదురుకాల్పులు జరిగాయా? తరువాతి యాభై ఏళ్లూ మన రాష్ట్రాన్ని వెంటాడినది ఈ రెండవ ప్రశ్నే.

3. ఒక మాట, ఒక సెక్షన్

"ఎదురుకాల్పులు" అన్న మాటలో ఇరువైపులా తుపాకులున్నాయి. "ఎన్‌కౌంటర్" అన్న మాట కూడా మొదట ఆ అర్థంలోనే వచ్చింది. కాని మన వాడుకలో అది ఎప్పుడు మారిందో చూడండి. "ఎన్‌కౌంటర్ జరిగింది" అనేవాళ్లం, "వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు" అనడం మొదలుపెట్టాం. జరిగినది కాస్తా చేసినది అయింది. ఆ మాట వాడే ప్రతి మనిషికీ అసలు సంగతి తెలుసు. "అలాంటోణ్ణి ఎన్‌కౌంటర్ చెయ్యాలె" అని కల్లు దుకాణం దగ్గరా, ఆఫీసు క్యాంటీన్‌లోనూ మనమే అంటాం. పోలీసు ప్రకటనను నమ్మనివారే ఆ పనిని మెచ్చుకోవడం ఇందులోని వింత.

ఇక సెక్షన్ సంగతి. ఎన్‌కౌంటర్ ముగిశాక పోలీసులు కేసు నమోదు చేస్తారు. దశాబ్దాలపాటు ఆ కేసు పాత శిక్షాస్మృతి 307వ సెక్షన్ కింద, అంటే హత్యాయత్నం కింద నమోదయ్యేది. ఎవరి మీద? చనిపోయినవారి మీద. పోలీసుల మీద కాల్పులు జరిపారన్నది ఆరోపణ. ఫిర్యాదుదారు పోలీసు, దర్యాప్తు చేసేదీ పోలీసే. నిందితుడు మరణించాడు కనుక కేసు మూత. ఈ ఏర్పాటులో తూటా కాల్చిన చేయి ఎవరిదన్న ప్రశ్న ఏ గడిలోనూ రాదు.

చట్టం మాత్రం పోలీసుకు చంపే హక్కు ప్రత్యేకంగా ఇవ్వలేదు. మరణశిక్షగానీ యావజ్జీవ శిక్షగానీ పడే నేరం ఆరోపించబడని మనిషిని అరెస్టు చేసేటప్పుడు ప్రాణం తీసే హక్కు లేదని పాత కోడ్ 46వ సెక్షన్ చెప్తుంది. మిగిలినది ఆత్మరక్షణ హక్కు. అది మీకూ నాకూ ఎంత ఉందో పోలీసుకూ అంతే ఉంది. దాన్ని రుజువు చేసుకోవలసిన చోటు న్యాయస్థానం.

4. న్యాయస్థానాల దారి

1980, 90 దశకాలు రెండు వైపులా నెత్తుటివే. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. మరోవైపు నక్సలైట్ల దాడుల్లో ఎందరో పోలీసులు చనిపోయారు. 1993లో కె.ఎస్. వ్యాస్, 1999లో ఉమేశ్‌చంద్ర వంటి ఐపీఎస్ అధికారులు హైదరాబాదు నగరంలోనే హత్యకు గురయ్యారు. ఈ నేపథ్యాన్ని మరచి పోలీసు భయాన్ని తేలిక చేయడం చరిత్రకు న్యాయం కాదు.

ఆ దశలోనే ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ఆధారంగా 1997 మార్చిలో కమిషన్ అధ్యక్షులు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య దేశంలోని ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ మరణాలపై దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు పుట్టినది మన రాష్ట్రపు ఫిర్యాదుల నుంచేనని గుర్తుంచుకోండి.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయిన ప్రతిసారీ, ఆ మరణానికి కారకులైన పోలీసులపై కేసు నమోదు కావాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో నిరూపించుకోవలసిన వాదన అని చెప్పింది. అంటే మన రెండవ ప్రశ్నకు, నిందితుడి గడిలో ఎవరి పేరుండాలన్న దానికి, సూటిగా జవాబిచ్చింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లగా కొద్ది వారాల్లోనే ఆ తీర్పు అమలు ఆగింది.

2014 సెప్టెంబరు 23న మహారాష్ట్రకు చెందిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ముందస్తు సమాచారాన్ని రాతలో పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలి. దర్యాప్తు సీఐడీగానీ వేరే స్టేషన్ బృందంగానీ చేయాలి. మేజిస్ట్రేటు విచారణ జరగాలి. వాడిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. ఘటన జరిగిన వెంటనే పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. ఈ ఆఖరి నిబంధన ఎందుకు అవసరమైందో ఆలోచించండి. చంపడం ఉద్యోగంలో ఎదగడానికి మెట్టు కాకూడదని న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

5. చటాన్‌పల్లి, 2019

మార్గదర్శకాలు వచ్చిన ఏడు నెలలకే, 2015 ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. వారి చేతులకు బేడీలున్నాయి.

2019 నవంబరు 27న హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. ఆ ఘోరం దేశాన్ని కదిలించింది. నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఆ నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. వస్తువులు చూపించడానికి తీసుకువెళ్తే తుపాకులు లాక్కొని కాల్చారని పోలీసులు చెప్పారు. వంతెన మీద నుంచి జనం పోలీసులపై పూలు చల్లారు.

సుప్రీంకోర్టు డిసెంబరు 12న జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. 2022 మేలో నివేదిక బయటికి వచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్య నేరం కింద విచారణ జరగాలని కమిషన్ చెప్పింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని కూడా పేర్కొంది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది.

ఈ ఘటన గురించి తరగతిలో మాట్లాడితే ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "ఆ అమ్మాయి మీ బిడ్డ అయితే?" ఆ మాటలోని బాధ నిజమైనది. దానికి నా జవాబు ఇది. ఆ అమ్మాయిపై జరిగిన నేరంలో సాక్ష్యాలు ఏ కోర్టులోనూ పరీక్షకు నిలవలేదు. ఫలానావారే దోషులని చెప్పే తీర్పు ఆమె కుటుంబం చేతికి రాలేదు. నలుగురిలో ఎవరి పాత్ర ఎంతో ఇక ఎవరూ తేల్చలేరు. తూటా ఆ కేసును పరిష్కరించలేదు, మూసేసింది. పరిష్కారానికీ మూతకీ తేడా తెలిసినప్పుడే చటాన్‌పల్లిలో ఏం పోయిందో మనకు అర్థమవుతుంది.

6. కంది, 2020

ఇప్పుడు మళ్లీ మన జిల్లాకు వద్దాం. 2020 ఏప్రిల్ 29. కరోనా లాక్‌డౌన్. సంగారెడ్డి పక్కనే కందిలో ఐఐటీ హైదరాబాదు ప్రాంగణంలో నిర్మాణ పనులకు వచ్చిన రెండువేలకు పైగా వలస కార్మికులు చిక్కుకుపోయారు. కూలి డబ్బులు ఇవ్వాలని, ఇళ్లకు పంపాలని రోడ్డెక్కారు. రాళ్లు పడ్డాయి. పోలీసులు గాయపడ్డారు. పోలీసు వాహనం దెబ్బతింది.

ఆ గుంపు మీద తూటా పేలలేదు. జిల్లా అధికారులు వచ్చి కార్మికులతో మాట్లాడారు. మే 1 తెల్లవారకముందే లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దాదాపు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. అందులో కంది కార్మికులు చాలామంది ఉన్నారు.

సదాశివపేటకూ కందికీ మధ్య దూరం ఎంతో మీకు తెలుసు. ఒకే రహదారి మీద, యాభై ఒక్క ఏళ్ల తేడాతో, రెండు గుంపులు. ఒకచోట ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మరోచోట దెబ్బలు తిన్న పోలీసులు ఉన్నా కాల్పులు లేకుండా గుంపు సర్దుకుంది, కార్మికులు ఇల్లు చేరారు. కాల్పులు తప్పనిసరి అన్న మాట విన్నప్పుడల్లా కందిని గుర్తు చేసుకోండి.

7. కానిస్టేబుల్ ప్రశ్నకు జవాబు

రాళ్లు పడుతున్నప్పుడు సెక్షన్ గుర్తుకు రాదు. నిజమే. అందుకే సెక్షన్ ముందు శిక్షణలో ఉండాలి, తరువాత కాగితంలో ఉండాలి. ఆ రెండూ సరిగా ఉంటే మధ్యలోని క్షణంలో నిజాయితీగా పొరపడ్డ పోలీసుకు కూడా రక్షణ దొరుకుతుంది.

మొదటి కాగితం ఎంత ముఖ్యమో అమెరికాలోని మినియాపొలిస్ ఘటన చెప్తుంది. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు అధికారి మోకాలి కింద ప్రాణం వదిలాడు. పోలీసు శాఖ తొలి ప్రకటన దాన్ని వైద్యపరమైన ఇబ్బందిగా పేర్కొంది. దారిన పోయే ఒక అమ్మాయి తన ఫోన్‌లో తీసిన వీడియో లేకపోతే చరిత్రలో ఆ ప్రకటనే మిగిలేది. మరుసటి ఏడాది ఆ అధికారికి హత్య నేరం కింద శిక్ష పడింది.

ఆ కానిస్టేబుల్‌కు నేను ఇంకొక మాట కూడా చెప్పాను. పైవాడు చెప్పాడు కనుక కాల్చాను అన్నది బూటకపు ఎన్‌కౌంటర్‌లో సమర్థన కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. నోటిమాటగా ఆదేశమిచ్చినవారి పేరు దస్త్రంలో కనబడదు. తుపాకీ నంబరు మాత్రం దానిని తీసుకున్నవాడి పేరు మీదే ఉంటుంది. కనుక స్వతంత్ర విచారణ కోరడం పోలీసుకు శత్రుత్వం చేయడం కాదు. కింది ఉద్యోగికి అంతకు మించిన కవచం లేదు. అతను కాసేపు ఆలోచించి "రాతలో అడగాల్నన్నమాట" అని కూర్చున్నాడు. పాఠం సగం అతనే ముగించాడు.

మిగిలిన సగం మనది. 2023లో మెదక్ పట్టణానికి చెందిన ఒక దినకూలీని గొలుసు దొంగతనం అనుమానంపై పోలీసులు తీసుకువెళ్లారు. తనను కొట్టారని చెప్పిన ఆ మనిషి ఫిబ్రవరి 17న గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. 1969లో శంకర్ చనిపోయినదీ ఆ ఆసుపత్రి పేరుతోనే. ఈసారి పత్రికలో వార్త చూసి హైకోర్టు తానుగా కేసు చేపట్టింది. కస్టడీ మరణంపై 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి. జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలి. శవపరీక్షను వీడియో తీయాలి. ఇవన్నీ రాసి ఉన్న నియమాలే. అడిగేవారుంటేనే అవి కదులుతాయి. మీ బస్తీలో, మీ కంపెనీ గేటు దగ్గర, భాష రాని కార్మికుడి తరఫున ఆ మాట అడగగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్టే.

సారాంశం

పోలీసు బలప్రయోగానికి చట్టం హద్దులు పెట్టింది. ఆ హద్దు దాటారా లేదా అన్నది తేల్చేది ఘటన తరువాత తయారయ్యే దస్త్రం. సదాశివపేటలో దస్త్రం మిగలలేదు. గిరాయిపల్లిలో పౌరులు దాన్ని తయారు చేశారు. చటాన్‌పల్లిలో సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ తయారు చేసింది. కంది మాత్రం కాల్పులు లేకుండానే ఉద్రిక్తత తీరవచ్చని చూపింది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఎన్‌కౌంటర్ తరువాత మృతులపైనే కేసు నమోదు చేసే పద్ధతిని, 2009 హైకోర్టు తీర్పు దాన్ని ఎలా మార్చాలని చూసిందో వివరించండి.
2. గిరాయిపల్లి ఘటనలో తార్కుండే కమిటీ పాత్రను అంచనా వేయండి.
3. సదాశివపేట (1969), కంది (2020) ఘటనలను పోల్చి, పోలీసు బలప్రయోగంలో "అవసరం" అన్న భావనను చర్చించండి.
4. మీ ఊరిలో లేదా మండలంలో జరిగిన పోలీసు కాల్పుల గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. వారు చెప్పినదాన్ని ఆనాటి పత్రికా వార్తతో పోల్చి రెండు పేజీలు రాయండి.